గరుకు చెయ్యి

తెల్లారగానే గురుబారి చేసే మొదటి పని గెడ్డకు పోయి చేతులు తోముకోవడం. మొహం సంగతి ఆ తరవాత. ఆనపబుర్రలను నునుపు చెయ్యడానికి వాడే బరింకాకు ఉంటుంది కదా, దాన్ని ఆ వాగు నీళ్లలో తడిపి భుజం నుంచి మోచెయ్యి దాకా రుద్దుకునేది. బుర్రకు నొప్పి తెలీదు గనక ఊరుకుంటుంది. గురుబారి పళ్లు బిగించి ఊరుకునేది.

ఆ పిల్ల చేతుల మీద చోళ్లు, అంటే రాగిగింజలు, చల్లినట్టు చిన్న చిన్న బొడిపెలు. నొప్పి లేదు, చీము లేదు. చలికాలంలో ఎర్రబడి గరుకెక్కేవి, వానల్లో కాస్త అణిగేవి. వాళ్ల నాయనమ్మకూ అచ్చం ఇలాగే ఉండేవి. ఆవిడ వాటిని పట్టించుకున్న పాపాన పోలేదు. చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ కాలుస్తూ, అందరినీ తిడుతూ, హాయిగా బతికి కిందటి కోతల్లో పోయింది.

మనవరాలికి ఆ ధీమా రాలేదు. అందుకు కారణం థింసా. ఆడవాళ్లంతా చేతులు పెనవేసుకుని వరసగా ఆడే ఆట అది. పక్కమనిషి చెయ్యి ఎలాంటిదో అందులో తెలిసినట్టు మరెక్కడా తెలీదు. కిందటేడు చైత్ర పండగలో ఒక పెళ్లివారి ఆడమనిషి గురుబారి చెయ్యి పట్టుకుని, ఒక్క అడుగు వేసి, వదిలేసింది. అరచేతిని చీరకు తుడుచుకుంది, అంతే. సంబంధం అక్కడితో సరి. ఆ తుడుచుకోవడం గురుబారికి ఏడాదంతా కళ్లముందే ఉంది.

ఈసారి వచ్చింది బుధు సంబంధం. డుంబ్రిగుడ సంతలో ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని ఇష్టపడ్డారు. అతనికి తల్లి లేదు, మేనత్త సోమారి పెంచింది. ఆ ఇంట్లో ఆవిడ మాటకు తిరుగు లేదు. పిల్ల మొహం కాదు, చేతులు చూసి ఎంచుతుందని పేరు కూడా ఉంది. పండగకు వచ్చి పిల్ల పక్కన ఆడతానని కబురు పంపింది. ఆ కబురు విన్న దగ్గర్నుంచి గురుబారికి తిండి సయించలేదు.

గూడెం వైపు దొరల మీద లేచిన పితూరీ అణిగిన మరుసటి ఏడు అది. చలికాలంలో పల్లం నుంచి టీకాలాయన వచ్చాడు. టీకా వేసేది చేతికే గనక గురుబారి చెయ్యి ఆయన కంటపడింది. వేలితో తడిమి చూసి, ఇది రోగం కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు, కొన్ని ఇళ్లలో తరతరాలుగా వస్తుంది అన్నాడు. గీకొద్దని, స్నానం చేసిన తడి మీదే నూనె రాయమని, వయసు ముదిరితే వాటంతటవే తగ్గుతాయని కూడా చెప్పాడు.

తల్లి కనక మొదటి మాట వరకే విన్నది. రోగం కాకపోతే మురికే, మురికైతే తోమితే పోతుంది అని తేల్చేసుకుంది. బుర్రల్ని బాగుచేసే చెయ్యి ఆవిడది, గరుకు కనబడితే ఊరుకోలేదు. అలా మొదలైంది ఈ ఆకు యోగం. కొన్నాళ్లకు చేతులు రక్తం చిమ్మి ఎర్రగా పొంగాయి. అమ్మవారు పోసిందేమోనని ఇరుగుపొరుగు తలుపులు వేసుకున్నారు. అప్పటికి గాని కనకకు భయం పుట్టలేదు. ఆకు విసిరేసి, ఇప్పనూనె గోరువెచ్చగా చేసి, పొద్దూ మాపూ కూతురి చేతులకు మెల్లగా పట్టించింది. చలి తగ్గింది. పండగ దగ్గరపడేసరికి గురుబారి చేతులు కొత్త బుర్రల్లా నున్నగా తయారయ్యాయి.

గురుబారి తన చేతుల్ని తానే తడుముకుని మురిసిపోయింది. ఆ మురిపెం అన్నం ఉడికేంతసేపు కూడా నిలవలేదు.

ఆ కొండల్లో పోయినవాళ్లు థింసాకు వస్తారు. అందుకే వరస చివర ఒకరి చోటు వదిలిపెడతారు. కళ్లూ చెవులూ మట్టిలో వదిలేసి వెళ్తారు గనక వాళ్లు తమవాళ్లను చేతులతోనే పోల్చుకుంటారు. పెళ్లికెదిగిన పిల్ల ఆ చోటు పక్కన నిలబడుతుంది, ఆమెకు రెండోపక్క పెళ్లివారి ఆడమనిషి. పోయిన ఇంటి పెద్ద ఆ చోటుకు వచ్చి, పిల్ల చెయ్యి తడిమి, తనదేనని నమ్మకం కుదిరాక, ఆ చేతిని పక్కమనిషి చేతిలో పెట్టాలి. చెయ్యి అందుకున్న ఇంటికి పిల్ల వెళ్తుంది. పెద్ద పోల్చుకోకుండా వెళ్లిపోతే ఆ పెళ్లి జరగదు.

"అమ్మా, నాయనమ్మ నన్నెలాగ ఆనవాలు పడతాది?" అంది గురుబారి.

తిరగలి తిప్పుతున్న కనక చెయ్యి ఆగిపోయింది. ఆవిడకూ ఆ ఆలోచన రాలేదు. "ముందే అనాల కదే గుంటా" అంది. తప్పు తనదేనని తెలిసినా తల్లులు అలాగే అంటారు.

గరుకుగా ఉంటే సోమారి వదిలేస్తుంది. నున్నగా ఉంటే నాయనమ్మ వదిలేస్తుంది. గురుబారికి ఏ దారీ కనబడలేదు. నూనె మానేసింది. చైత్రం ఎండలకు బొడిపెలు ఒక్కటీ తిరిగి రాలేదు. పండగ పొద్దున గెడ్డ నీళ్లలో మెడ దాకా మునిగి, ఒళ్లు జలదరించి చేతులు గరుకెక్కేదాకా కూర్చుంది. గట్టెక్కి జుట్టు ఆరబెట్టుకునేలోపే ఆ జలదరింపూ పోయింది.

మగవాళ్లు పండగ వేటకు పోయారు. వేటకు పోలేని ఊరి పెద్ద, ముసలి సోంబరు, చెట్టు కింద తుడుం కొట్టడం మొదలుపెట్టాడు. సోమారి వచ్చింది. మోచెయ్యి నుంచి చంక దాకా ఇత్తడి కడియాలు తొడుక్కున్న, బిగుసుకుపోయిన మనిషి. గురుబారి చెయ్యి పట్టుకుని, తడిమి, తల ఊపింది. అంతకాలం ఎదురుచూసిన తల ఊపు అది. కాని గురుబారి మనసంతా రెండోపక్క ఖాళీ మీదే ఉంది.

కొంతసేపటికి ఆ ఖాళీలో దుమ్ము లేచింది, కాళ్లు లేకుండానే అడుగు పడుతోంది. అడ్డపొగ వాసన వచ్చింది. వరసలోని వాళ్లు ఒకరినొకరు చూసుకుని, అడుగు చిన్నది చేశారు.

చల్లటి చెయ్యి గురుబారి భుజం మీద వాలింది. కిందికి జారింది. మళ్లీ పైకి వెళ్లింది. ఏదో వెతుక్కుని, దొరక్క ఆగింది. నేనే, నేనే అని గురుబారి మనసులో మొత్తుకుంది. ఆ చెయ్యి ఆమెను వదిలేసింది. వరస అవతలి చివర నుంచి కనక చిన్నగా ఏడవడం వినబడింది.

కాని అడ్డపొగ వాసన పోలేదు. ముందుకు జరిగి సోమారి దగ్గర ఆగింది. ఇత్తడి కడియాలు వాటంతటవే గలగలమంటూ మణికట్టు దాకా జారాయి. అవి కప్పిన సోమారి చెయ్యి అందరికీ కనబడింది. భుజం నుంచి మోచెయ్యి దాకా చోళ్లు చల్లినట్టు ఉంది. ఆవిడ మొహం పాలిపోయింది. ముసలామె ఆ చేతిని ఆప్యాయంగా మరోసారి తడిమింది, తన మనవరాలు దొరికిందనుకుంది. పక్కనున్న గురుబారి చేతిలో దాన్ని పెట్టి, దుమ్ములో కలిసిపోయింది.

సోంబరు తుడుం ఆపాడు.

"ముసిల్ది ఎవుల సెయ్యి ఎవుల సేతిలో ఎట్టిందో అందరం సూసినాం. సెయ్యి అందుకున్నది గుంటే, ఇక గుంట ఎక్కడికీ ఎల్లదు. బుధుగాడే ఈ ఇంటికొత్తాడు" అన్నాడు.

పోయినవాళ్లు చేసినదాన్ని కాదనే అలవాటు ఆ కొండల్లో లేదు. సోమారి కూడా కాదనలేదు. రెండో చేత్తో కడియాలు పైకి లాక్కోబోయింది. ఎన్నేళ్లుగా అలా లాక్కుంటోందో ఆవిడకే తెలియాలి.

తన చెయ్యి ఎదుటివాళ్లకు ఎలా తగులుతుందో గురుబారికి అంతవరకూ తెలీదు. ఇప్పుడు సోమారి చెయ్యి అరచేతిలో ఉంటే తెలిసింది. వెచ్చగా, గరుకుగా, నాయనమ్మ పక్కలో పడుకున్నట్టుగా ఉంది. గురుబారికి ఏడుపు ముంచుకొచ్చింది.

"వదిలీయే గుంటా, అందరూ సూత్తన్నారు" అంది సోమారి గొంతు తగ్గించి.

గురుబారి వదల్లేదు.