నాలుగించుల గోడ ఊపిరి

నార్సింగిలో కడుతున్న టవర్ పద్నాలుగో అంతస్తులో బాలనర్సయ్య మేస్త్రి ఎప్పుడూ మెల్లగానే నడుస్తాడు. ఎవరు కట్టిన గోడ వాళ్ల ఊపిరితోనే ఏడు రోజులు బతుకుతుంది. ఇటుకల మధ్య సిమెంటు మాలు గట్టిపడ్డాక దాని మానాన అది నిలబడుతుంది. తొమ్మిదించుల గోడ కట్టినవాడు దగ్గినా తుమ్మినా దానికి పట్టదు. ఒక ఇటుక వెడల్పే మందంగా లేచే నాలుగించుల గోడ అలా కాదు, మేస్త్రికి కోపమొచ్చినా కదులుతుంది. అందుకే పచ్చి గోడ ఉన్న మేస్త్రితో సైట్లో ఎవరూ తగువు పెట్టుకోరు.

అలాంటి గోడను నాలుగడుగులకు ఆపి, రెండు ఇనప రాడ్లు పరిచి కాంక్రీటు పట్టీ పోయాలి. మర్నాటిదాకా దాన్ని ముట్టుకోకూడదు. ముప్పై ఏళ్లుగా బాలనర్సయ్య పద్ధతి అదే.

ఆ రోజు పని మొదలుకాకముందే సూపర్‌వైజర్ రవీందర్ వచ్చాడు.

"రేపు ఓనర్లు ఫ్లాట్ చూస్తానికి వస్తున్నరు. బాత్రూం గోడ ఇయ్యాల్నే పైదాకా లేవాలె. నీతోని గాకుంటే చెప్పు, చందానగర్ మేస్త్రిని పిలుస్త."

ఆ మాట బాలనర్సయ్యకు గుచ్చుకుంది. వయసు మీదపడ్డవాళ్లకు ఈ రోషమొకటి. పట్టీ మానేసి, మధ్యాహ్నానికల్లా గోడను దూలానికి జానెడు కిందిదాకా లేపేశాడు. ఇటుకలందిస్తున్న భార్య సత్తెమ్మ రెండుసార్లు అడిగింది.

"పట్టీ ఏదయ్యా?"

అతను ఇంకో ఇటుక కోసం చెయ్యి చాచాడు.

అన్నం తిన్నాక ఆమె గోడ అవతల, బాత్రూంలో రాలిన మాలు గీకడానికి కూర్చుంది. కిటికీలకు ఇంకా చట్రాలు పెట్టలేదు. వాన ముందటి గాలి ఒక్కసారిగా లోపలికి దూసుకొచ్చింది. గోడ నడుము దగ్గర సన్నటి బీట పడింది. గోడ సత్తెమ్మ వైపు ఒరగబోయింది.

బాలనర్సయ్య ఊపిరి బిగబట్టాడు. గోడ ఆగింది.

ఆమెను పిలవాలి. పిలిస్తే బిగబట్టిన ఊపిరి జారిపోతుంది. అవతల మాలు గీకుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆమె ఏదో గొణుగుతోంది, అతణ్నే తిడుతోంది. పెళ్లయిన ఇన్నేళ్లలో అతనికి ఎన్నడూ అంత భయం వేయలేదు. పక్కనే ఫోన్ చూసుకుంటున్న రవీందర్ చొక్కా పట్టి లాగి, గోడను చూపించి, మూసుకున్న తన నోటిని చూపించాడు. రవీందర్ మొహం పాలిపోయింది.

"సత్తెమ్మక్కా, జర ఇటు రా," అన్నాడు నెమ్మదిగా. "ఉరకకు."

"ఇంకింత ఉన్నది, గీకి వస్త."

"ఇప్పుడే రా అక్కా. నీ కాళ్లు మొక్కుత."

ఆమె మోకాళ్లు పట్టుకుని లేచింది. మాలు తట్ట తీసుకుంది. మళ్లీ వంగి చెప్పులు వెతుక్కుంది. బాలనర్సయ్య కళ్లకు చీకట్లు కమ్మాయి. ఆమె గుమ్మం దాటి వచ్చి, గోడనూ మొగుణ్నీ చూసి, తట్ట కింద పెట్టి అతని చెయ్యి పట్టుకుంది.

"వచ్చిన. ఇడువు," అంది.

అతను ఊపిరి వదిలాడు. ఆమె కూర్చున్న చోటే గోడ కూలింది.

దుమ్ము తగ్గాక రవీందర్ ఓనర్లకు ఫోన్ చేసి రేపు రావద్దన్నాడు. తనే కిందికి దిగి రెండు రాడ్లు భుజాన మోసుకొచ్చాడు.

మర్నాడు కొత్త గోడ నాలుగడుగులకు చేరగానే, ఎవరూ చెప్పకముందే బాలనర్సయ్య పట్టీ పోసి, ఇవాళ్టికి ఇంతే అన్నట్టు తాపీని సత్తెమ్మ చేతిలో పెట్టాడు. ఆమె అతని ఛాతీకి చెవి ఆనించి కాసేపు ఊపిరి విన్నది.

"ఏడు దినాలు నాతోని కొట్లాడకు," అన్నాడు.

"ఎనిమిదో దినం చెప్త నీ సంగతి," అంది సత్తెమ్మ.