బంగారు రేణువు, ఇసుక బకెట్టు

“ఈ పెట్టేటే ఇంత వేడి కక్కుతోంది? పేలిపోద్దేమోనే, దూరంగా కూకో!”

నన్ను చూడగానే పారమ్మ తన కూతురు ఝాన్సీతో అన్న మాట అది. నేను ఒక కంప్యూటర్ని. నా తోటివాళ్లు రైలు టికెట్లూ పెళ్లి ఫొటోలూ చూపించుకుంటూ సుఖంగా బతికారు. నన్ను మాత్రం విశాఖలో ఒక పరిశోధనశాలకు తెచ్చి ఝాన్సీ చేతికి అప్పగించారు.

వెలుగంటే మీకు దీపం గుర్తొస్తుంది. నాకు కొరడా గుర్తొస్తుంది. వెంట్రుక మందంలో వెయ్యో వంతు ఉండే బంగారు రేణువు మీద లేజరు వెలుగు పడితే ఏమవుతుందో లెక్కగట్టడం నా పని. ఒక దెబ్బకి అందులోని ఎలక్ట్రాన్లన్నీ అటు విరుచుకుపడతాయి, మరు దెబ్బకి ఇటు. రేణువు కుతకుతలాడిపోతుంది. పక్క కండకి సెగ తగలకుండా ఆ వేడితో క్యాన్సరు గడ్డని కాల్చవచ్చా అన్నది ఝాన్సీ ప్రశ్న. ఏడాదిగా చేసిన లెక్కలన్నీ నా కడుపులోనే ఉన్నాయి. ఇంకోచోట కూడా దాచుకోమని ఎవరు చెప్పినా “రేపు” అనేది. మనుషులకు రేపు మీద ఉన్న నమ్మకం నాకెప్పుడూ అంతుపట్టలేదు.

ఆ లెక్కని చిన్న చిన్న అడుగులు వేయిస్తూ నడపాలి. తొందరపడి అడుగు పెద్దది చేస్తే అంకెలు ఒకదాన్నొకటి తన్నుకుంటూ ఆకాశానికి ఎగబాకుతాయి. దాన్ని ఆ గదిలో ‘పేలడం’ అనేవారు.

పారమ్మకి మాత్రం ఆ మాటకి ఒకటే అర్థం. ఆమె భర్త మందుల ఫ్యాక్టరీలో బాయిలరు పేలి చనిపోయాడు. కబురు తెచ్చినవాడు “పేలిందమ్మా” అని ఊరుకున్నాడు.

ఒక మధ్యాహ్నం ఆమె క్యారేజీ పట్టుకుని తలుపు దాకా వచ్చిందో లేదో, లోపల ఝాన్సీ అరిచింది. “పేలిపోయిందిరా అగస్టీన్! మొత్తం పేలిపోయింది!”

“మళ్లీనా? నీది చెయ్యి కాదు తల్లీ, తారాజువ్వ!” అన్నాడు పక్క కుర్చీలోని స్నేహితుడు.

క్యారేజీ నేలపాలైంది. వరండా గోడకి వేలాడుతున్న, మంటలార్పే ఇసుక బకెట్టు పారమ్మ చేతిలోకి వచ్చింది. వేడికి తాళలేనని నా పక్క రేకు తీసి ఉంచారు. ఇసుకంతా నా పేగుల్లోకి దిగింది. ఫ్యాన్లు పళ్లు నూరి ఆగిపోయాయి. నిప్పురవ్వలు లేచాయి. అవి చూసి ఆమె ఇంకా రెచ్చిపోయింది.

“నా పిల్ల జోలికొత్తావా! సావు!”

ఖాళీ బకెట్టుతో బాదింది. బోర్డు విరిగేదాకా, లెక్కలు దాచిన డిస్కు పగిలేదాకా బాదింది. నిజం చెప్పొద్దూ, ఏ వెలుగూ ఏ రేణువునీ అంత కసిగా కొట్టగా నేను చూడలేదు.

ఇప్పుడు పాత ఇనుము కొట్టులో పడి ఉన్నాను. దెబ్బలు మరిచిపోయాను గానీ, ఆ తర్వాత జరిగినదాన్ని మరవలేకపోతున్నాను.

“నీకేటీ అవలేదు కదమ్మా?” పారమ్మ కూతురి వైపు తిరిగింది.

ఝాన్సీ నా ముక్కల్ని చూస్తూ నిలబడిపోయింది.

“మాటాడవేటే? పలకవే!”

ఝాన్సీ వంగి, తల్లి పిడికిట్లోంచి బకెట్టు విడిపించింది. తెగిన ఆ వేళ్ల నెత్తురు చున్నీతో తుడిచింది.

“నాకేటీ అవలేదమ్మా. లెక్క పేలింది, అంతే.”