ఆగవద్దన్న కార్డు

నేను ఒక కార్డుని. అరచేయంత ఉంటాను. విశాఖపట్నంలో కాలేయ మార్పిడి చేసే ఒక ఆసుపత్రిలో పుట్టాను. "ఇతనికి కాలేయం మార్చారు. జ్వరం, కామెర్లు, కడుపునొప్పి, ఏది వచ్చినా ఆగవద్దు. ఈ నంబరుకు ఫోను చేయండి" అని నా మీద రాసి, సిస్టర్ సువార్తమ్మ నన్ను సన్యాసినాయుడి చేతిలో పెట్టింది. ఎప్పుడూ చొక్కా జేబులో ఉంచుకోమని మూడుసార్లు చెప్పింది.

అతని భార్య పైడమ్మ నన్ను తిన్నగా దేవుడి గూట్లో పెట్టింది. మొగుడికి తన కాలేయంలో సగానికి పైగా కోసి ఇచ్చిన మనిషి, ఆమె మాటకు ఎదురేముంటుంది? రోజూ నాకు బొట్టు, పువ్వు. మొదట్లో మొహమాటపడ్డాను గాని, నిజం చెప్పొద్దూ, తర్వాత బాగానే అలవాటైంది. నా మీది నంబరు కుంకుమ కింద మునిగిపోతున్నా పట్టించుకోలేదు.

ఆపరేషనైన ఎనిమిదో నెలలో నాయుడికి వణుకు మొదలైంది. పెళ్లాం కంగారుపడుతుందని రెండు రోజులు దాచాడు. మూడోనాటి ఉదయానికి ఒళ్లు కాలిపోతోంది, కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లకు పక్క ఊళ్లో పసరు పోస్తారంటూ ఇరుగుపొరుగు ఆటో కూడా పిలిచారు. దండం పెట్టుకుని బయలుదేరదామని పైడమ్మ గూటి ముందుకొచ్చింది. నాకు బొట్టు పెట్టబోతుంటే "ఆగవద్దు" అన్న మాట కంటపడింది. కొంగుతో నన్ను గట్టిగా తుడిచి, ఒక్కొక్క అంకే కూడబలుక్కుని ఫోను చేసింది.

"పసరు చుక్క కూడా వద్దమ్మా," అంది సువార్తమ్మ. "అదే ఆటోలో దగ్గరున్న ఆసుపత్రికి వెళ్లి కార్డు చూపించు."

టౌను ఆసుపత్రిలో డాక్టరమ్మ నన్ను చదివి, విశాఖతో మాట్లాడి, రక్తం తీయించి, సెలైన్లో మందు పెట్టి, అంబులెన్సులో పంపింది. పైత్యరసం వెళ్లే దారి ఇరుకై, ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిందన్నారు విశాఖలో. నోటి గుండా సన్నని గొట్టం పంపి దారి తెరిచారు. ఇంకొక్క రోజు ఆగితే మనిషి దక్కేవాడు కాదట.

తేరుకున్నాక నాయుడు అందరికీ దండం పెట్టాలనుకున్నాడు. గొట్టం వేసిన డాక్టరు, అంతా టౌను డాక్టరమ్మ చలవేనన్నాడు. ఆవిడేమో సిస్టరు ముందే చెప్పబట్టి అంది. సిస్టరుకు ఫోను చేస్తే, మీ ఆవిడ ఫోను చేయబట్టి అంది. ప్రాణం పోసినవాళ్లు దండానికి ఇంత బెదురుతారని నాకు తెలియదు.

ఇంటికొచ్చాక ఒకరోజు పైడమ్మ అరుగు మీద బియ్యం ఏరుతోంది. నాయుడు ఎదురుగా చతికిలబడ్డాడు.

"ఇన్నాళ్లూ నీకొక్కదానికే సెప్పనేదే పైడీ," అన్నాడు. "నాను బతికున్నానంటే నీ వల్లే."

"మరోపాలి వణుకొస్తే ముందు నాకు సెప్పు. అంతే సాలు."

తల దించుకుని మళ్లీ చేట అందుకుంది. చాలాసేపటి దాకా ఒక్క రాయీ ఏరలేదు.