కారణం రాయని కాగితం

బ్యాంకులో అచ్చు మిషన్ శారద పాస్‌బుక్కును రెండుసార్లు మింగి రెండుసార్లు కక్కింది. మూడోసారి పెట్టబోతుంటే కౌంటర్‌లో అమ్మాయి తల ఎత్తకుండానే, "అది పోదమ్మా. నీ అకౌంట్ క్లోజయింది," అన్నది.

"క్లోజంటే?"

"క్లోజంటే క్లోజే. మూసేసిన్రు."

"ఎవరు మూసిన్రు? నేను మూయమనలె గదా!"

అమ్మాయి గడ్డంతో మేనేజర్ గది చూపించింది. మేనేజర్ ఉత్తరాది నుంచి కొత్తగా వచ్చిన పిల్లవాడు, తెలుగు ఇంకా కూడబలుక్కుంటున్నాడు. కంప్యూటర్‌లోకి చాలాసేపు చూసి, "ఊపర్ సే వచ్చింది అమ్మా. రీజన్ లేదు," అన్నాడు.

"రీజన్ లేకుండ ఎట్ల మూస్తరు సారూ? దాంట్ల పైసలున్నయి."

"పైసా ఎక్కడికీ పోదు. వేరే నంబర్ ఇవ్వండి. దాంట్లో పడుతుంది."

"నాకు వేరేది లేదు."

"మీ హస్బెండ్‌ది రాయండి."

శారద భర్త ప్రభాకర్‌కు ఫోన్ చేసి, నంబరు కనుక్కుని, ఫారం మీద రాసి సంతకం పెట్టింది. ఎప్పుడు పడతాయని అడిగితే మేనేజర్ చూపుడువేలు పైకెత్తాడు, వాన ఎప్పుడొస్తుందని అడిగినట్టు.

అవి తన డబ్బులే అయితే శారదకు అంత గుండెదడ ఉండేది కాదు. ఆ ఖాతాలో తనవంటూ ఉన్నది జాకెట్లు కుట్టిన కూలి, నాలుగు వేలు. మిగిలిన లక్ష పైచిలుకు గూడెంలో పదకొండు మంది ఆడవాళ్ళది. పర్ణశాల దారిలోని ఆ గూడెంలో ఖాతా లేని ఆడమనిషి లేదు. కాకపోతే ఖాతా ఆమెది, కార్డు మొగుడి జేబులో, జేబు పేకాటలో. అందుకని ఇప్పపువ్వు, చింతపండు అమ్మిన డబ్బు, మిరప కోతల కూలి కొంగున ముడేసుకుని, జాకెట్టు కొలతలిచ్చే వంకతో వాళ్ళు శారద గడప ఎక్కేవారు. ఏడాదికి ఒక్క జాకెట్టు కుట్టించుకోని మనిషి కూడా నెలకు రెండుసార్లు కొలతలిచ్చి పోయేది.

అందరికంటే ముందు నమ్మింది జంపక్క. గూడెం పెద్ద పగిడయ్య భార్య ఆమె.

"నువ్వు బొగ్గుబాయి దిక్కు పిల్లవు. మా మొగోళ్ళల్ల నీకు అన్న లేడు, బావ లేడు. ఎవనికని చెప్తవు?" అని నవ్వి, ముడి విప్పి శారద ఒళ్ళో పోసింది. జంపక్కకు కావలసింది ఇంటికి రేకులు. మూడు వానాకాలాలుగా ఆమె ఇల్లు లోపలా బయటా ఒకటే తీరు కురుస్తున్నది.

శారద చేసిన తప్పల్లా నిజం చెప్పడమే. రెండు వారాలు నోరు మూసుకుని, డబ్బు ఇంకా బ్యాంకులోనే ఉందంటే సరిపోయేది. బస్సు దిగుతూనే జంపక్క ఇంటికి పోయి ఉన్నదున్నట్టు చెప్పింది.

జంపక్క చాట కింద పెట్టింది. "ఎందుకు మూసిన్రంట?"

"చెప్పలె యక్కా."

"ఊకెనే మూస్తరా?"

అంతే. ఆ రెండు మాటలు సాయంత్రానికి బోరింగు దగ్గరికి, మర్నాటికి రేషన్ దుకాణం ముందు ఆడవాళ్ళ వరసకు చేరాయి. ఎవరూ శారదను దొంగ అనలేదు. ఊకెనే మూస్తరా, అన్నారు. ఇంట్లో అత్త కన్నమ్మ కూడా అదే పట్టుకుంది.

"నలభై ఏండ్లాయె నేను గీ ఇంటికొచ్చి. నా ఖాతా ఎవడన్న మూసిండా?"

"నీకు ఖాతా లేదు గదా అత్తమ్మా."

"గందుకే మూయలె. నాలెక్క ఉండాలె ఆడిది."

వారం తిరగకుండా వానలు దిగాయి. జంపక్క ఇంట్లో పొయ్యిలోకి నీళ్ళొచ్చాయి. వానకు తడుస్తూ, ఏడుస్తూ, కోపంలో నోరుజారి ఆమె మొగుడితో రేకుల డబ్బు సంగతి చెప్పేసింది. పగిడయ్య ఆమెను ఏం చేశాడో ఎవరూ చెప్పలేదు. మర్నాడు జంపక్క బోరింగును ఎడమచేత్తో కొట్టడం శారద చూసింది. సాయం పట్టబోతే, "నీ సాయం సాలు," అన్నది జంపక్క, ముఖం చూడకుండా.

శారదకు అప్పటినుంచీ డబ్బు మీద కంటే ఆ మనిషి మీదే ధ్యాస. ఊరంతా ఏమన్నా సరే, జంపక్క ఒక్కతి 'నువ్వు తియ్యలె' అంటే చాలు.

పగిడయ్య నోటి నుంచి మొగుళ్ళందరికీ పెళ్ళాల దాపుడు తెలిసిపోయింది కాబట్టి, ఇక అది మొగవాళ్ళ పంచాయితీ అయింది. ముత్యాలమ్మ ముందు తడిబట్టతో ప్రమాణం చెయ్యాలన్నాడు పగిడయ్య. ప్రమాణం చేశాక తొమ్మిది రోజులు చూస్తారు. తప్పుంటే ఆ తొమ్మిది రోజుల్లో అమ్మవారే బయటపెడుతుంది.

ప్రభాకర్ మణుగూరు వైపు బొగ్గు గనిలో కాంట్రాక్టు డ్రైవరు. శనివారానికి ఇంటికొస్తాడు. విషయమంతా విన్నాడు.

"నువ్వు తియ్యలేదని నాకెరుకే. ప్రమాణమే గదా, చేసి పారెయ్," అన్నాడు.

ఆ 'నాకెరుకే' అనే మాటను పట్టుకునే శారద ఆదివారం పొద్దున బోరింగు కింద కూర్చుంది. మూడు బిందెలు పోశారు. చేతిలో వేపమండతో ఆమె ముత్యాలమ్మ గద్దె దాకా నడిచి పోయేసరికి పగిడయ్య చెయ్యెత్తి ఆపాడు.

"కొంగు చివర పొడిగున్నది. మళ్ళ పొయ్యండ్రి."

మళ్ళీ బోరింగు దగ్గరికి నడిపించుకుపోయారు. ఈసారి బిందె అందుకున్నది జంపక్క. ఎడమచేత్తో ఎత్తలేక రెండు దఫాలుగా పోసింది. చీర ఒంటికి అతుక్కుపోయి, ఊరందరి కళ్ళ మధ్యలోంచి శారద రెండోసారి నడిచింది. చెట్టు కింద కూర్చున్న మొగపిల్లలు ఏదో అనుకుని నవ్వారు. ఒకరి పైస ముట్టి ఉంటే తన కళ్ళు పోవాలని గట్టిగా అన్నది. సరిగా వినపడలేదని వెనక నుంచి ఎవరో అంటే, ఇంకోసారి అన్నది.

గడువు మొదలైన దగ్గర్నుంచీ శారద తుమ్మితే గూడెం లెక్కపెట్టుకుంది. కంట్లో నలక పడి నలుపుకుంటే కన్నమ్మే వాకిట్లోకి పోయి చెప్పొచ్చింది.

నాలుగోరోజు ప్రభాకర్ ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, వెంటనే శారదకు ఫోన్ చేసి చెప్పాడు. మొత్తం డబ్బు, ఒక్క రూపాయి తగ్గకుండా, అతని ఖాతాలో పడింది. అదేరోజు పోస్టులో శారద పేరున కవరు కూడా వచ్చింది. ఆమె పొయ్యి మీద అన్నం మాడుతున్నా చూసుకోలేదు. పరుగున పోయి జంపక్క వాకిట్లో నిలబడి, "వచ్చినయి యక్కా, అన్ని వచ్చినయి!" అని అరిచింది. జంపక్క కంటే ముందు పగిడయ్య బయటికొచ్చాడు.

ప్రభాకర్ ఒక పూట సెలవు పెట్టి వచ్చాడు. పగిడయ్య అతని బండి మీదే బ్యాంకు దాకా పోయి పక్కనే నిలబడి డబ్బు తీయించాడు. సాయంత్రం శారద తను రాసుకున్న లెక్కల పుస్తకం చూసుకుంటూ ఎవరిది వాళ్ళ చేతిలో పెట్టింది. పెళ్ళాల చేతుల్లో ఆ నోట్లకు చెమటైనా పట్టలేదు. ఒక్కొక్క మొగుడూ ముందుకొచ్చి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. జంపక్క రేకులు కూడా పగిడయ్య జేబులోకే పోయాయి.

ఉత్త చేతులతో నిలబడ్డ పదకొండు మంది శారద వంకే చూశారు, మొగుళ్ళ వంక కాదు.

పగిడయ్య గొంతు సవరించుకున్నాడు. "పైసలు ఎవరి ఖాతాలకెల్లి వచ్చినయి? ప్రభాకర్ ఖాతాలకెల్లి. నా కండ్లతోని చూసిన. అమ్మోరికి భయపడి కక్కిన్రు."

"కాదు పెదనాయినా. బ్యాంకోళ్ళే వేసిన్రు. గిదిగో కాగితం."

"సదువు."

శారద చదివి, తెలుగులో చెప్పింది. మీ ఖాతా మూసేశాం, అందులో ఉన్నది మీరిచ్చిన నంబరుకు పంపాం.

"నువ్వు తియ్యలేదని రాసిన్రా అండ్ల?"

"లేదు."

"పోనీ ఎందుకు మూసిన్రో రాసిన్రా?"

"లేదు."

"మరింకేం రాసిన్రు?"

శారద చివరి వాక్యం చూసింది. "మీకు ఇబ్బంది అయినందుకు చింతిస్తున్నమని."

గూడెమంతా ఒక్కపెట్టున నవ్వింది. కన్నమ్మ కూడా నవ్వింది. నవ్వు సద్దుమణిగాక జంపక్క దగ్గరికొచ్చి శారద గడ్డం పట్టుకుంది. ఎన్ని రోజులకో ఆమె కళ్ళలోకి చూసింది.

"తీసినా తెచ్చిచ్చినవు. గది సాలు. నాకు కోపం లేదు బిడ్డా. ఒక్కసారి అవ్ అను. నా చెయ్యి నొప్పి గూడ మర్చిపోత."

"నేను తియ్యలె యక్కా."

జంపక్క చెయ్యి గడ్డం మీంచి జారిపోయింది. పగిడయ్య, ఈ రోజు నుంచి ఈ గడప ఎవరూ తొక్కొద్దనీ, బోరింగు దగ్గర వీళ్ళ బిందె చివరన అనీ మొదలుపెట్టాడు. ప్రభాకర్ భార్య చెవి దగ్గరికి వంగాడు.

"అవ్ అని పారెయ్ శారదా. ఈడ బతకాలె గద మనం. ఒక్క మాటకు నోట్ల ముత్యాలు రాలుతయా?"

శారద అతన్ని చూసింది. లోకంలో తను తియ్యలేదని తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు, వాడే అడుగుతున్నాడు. ఇంకొకరు నమ్మకపోతే పోయిందేముంది అనుకుంది.

"అవ్," అన్నది.

వెంటనే అందరి ముఖాలూ తేటపడ్డాయి. ఊకెనే మూస్తరా అన్నదానికి జవాబు దొరికింది. జంపక్క కౌగిలించుకుని ఏడ్చింది. ఎవరో నీళ్ళిచ్చారు. "తప్పు ఒప్పుకున్నోళ్ళకు తప్పే లేదు," అన్నాడు పగిడయ్య, జేబు తడుముకుంటూ. మర్నాడు బోరింగు దగ్గర ఆడవాళ్ళు శారద బిందెను ముందుకు జరిపారు. జాకెట్టు కొలతలకు మాత్రం ఎవరూ రాలేదు.

ఆ శనివారం ప్రభాకర్ వారం కూలితో వచ్చాడు. ఎప్పుడూ అన్నం కంచం ముందు కూర్చోకముందే డబ్బు శారద చేతికిచ్చేవాడు. ఆరోజు కాళ్ళు కడుక్కుని, నేరుగా పోయి తల్లి చేతిలో పెట్టాడు. కన్నమ్మ ఎంచకుండానే బొడ్లో దోపుకుంది.

కంచంలో అన్నం పెడుతున్న శారద చెయ్యి ఆగింది.

"గదేంది?"

"ఏమున్నది. అమ్మ దగ్గరుంటయ్."

"నేను తియ్యలేదని నీకెరుకే అన్నవు."

"అన్న."

"అవ్ అనమన్నది నువ్వే గదా."

ప్రభాకర్ అన్నం కలుపుతూ ఉన్నాడు. అతని గొంతులో కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగాడు.

"నేనంటే అనమన్న. తియ్యనిదానివి, నువ్వెట్లంటవే?"

శారద గరిటె గిన్నెలో పెట్టింది. కన్నమ్మ బొడ్డు మీద చెయ్యి వేసుకుని, "రేపు సబ్బులకెంత గావాలె నీకు? ఇప్పుడే చెప్పు," అన్నది.