ఏరు అవతల పెద్దక్క

శనివారం వచ్చిందంటే సింగపూర్ బుకిట్ బటోక్‌లోని ఆ ఫ్లాట్‌లో అందరికన్నా ముందు లేచేది అరుంధతే. కాఫీ పక్కన పెట్టుకుని, లాప్‌టాప్ తెరిచి, కెన్యా గడ్డిమైదానాల మ్యాపు మీద నారింజ రంగు చుక్కల కోసం చూసేది. సింహాల మెడకి కట్టిన పట్టీలు గంటకోసారి పంపే చుక్కలవి. అక్కడ సింహాలు రాత్రిపూట తిరిగే వేళకి ఇక్కడ తెల్లారుతుంది. అందుకని అక్కడి సంస్థ ఒకటి ఈ కాపలా పని సింగపూర్‌లోని కొందరికి అప్పగించింది. చుక్క పశువుల దొడ్ల వైపు వెళ్తే రేంజర్‌కి ఫోన్ చెయ్యాలి. అంతే పని.

అరుంధతి బ్యాంకులో ఉద్యోగి. రెండేళ్ల క్రితం భర్త జగన్మోహనరావు, కూతురు వర్షితలతో కలిసి కెన్యాకి వెళ్లింది. రేంజర్ సైతోటి వాళ్లని జీపులో ఎక్కించుకుని ఒకే గుంపు వెంట వారం తిప్పాడు. అందులో చెవి చిరిగిన ఆడసింహం ఒకటి. తన పిల్లలే కాదు, ఎవరి పిల్లలు వచ్చి పడ్డా పాలిచ్చేది.

"అచ్చం మా పెద్దక్కే. పక్కింటి పిల్లలకి కూడా అన్నం కలిపి పెట్టేది" అంది అరుంధతి నవ్వుతూ. అప్పటి నుంచి దాని పేరు పెద్దక్క అయిపోయింది. సైతోటి కూడా నోరు తిరక్కపోయినా అలాగే పిలిచేవాడు. గుంపు మొత్తానికి పట్టీ ఉన్నది దానికొక్కదానికే.

ఆ శనివారం పెద్దక్క చుక్క ఏరు దాటింది. అవతల పశువుల కాపరుల ఊరు. అరుంధతి వెంటనే ఫోన్ తీసింది.

"చూశాను సిస్టర్" అన్నాడు సైతోటి. ఆ వెనక వాన హోరు. "నిన్న అక్కడొక ఆవుని చంపాయి. సగం తిని వదిలేశాయి. మళ్లీ దాని దగ్గరికే పోతున్నట్టున్నాయి."

"దొడ్డి మీద పడవు కదా. పోన్లే."

"ఆ మాంసాన్ని ఎవరూ ముట్టుకోకుండా ఉంటే పోన్లే" అన్నాడతను.

అతను చెప్పనిది ఆమెకి అర్థమైంది. కడుపు మండిన కాపరులు అప్పుడప్పుడు కళేబరం మీద పురుగుమందు చల్లుతారని విని ఉంది.

"మీరు వెళ్లి తరిమెయ్యలేరా?"

"ఏరు పొంగింది. జీపు ఇవతలే ఉండిపోయింది. ఆ ఊళ్లో ఎవరూ ఫోనెత్తడం లేదు."

తర్వాతి చుక్క ఆవు కళేబరం దగ్గరే పడింది. ఆ తర్వాతిదీ అక్కడే. చుక్క కదలకపోతే చచ్చినట్టు కాదు, తిండి దొరికిన సింహం అలాగే ఉండిపోతుందని అరుంధతికి తెలుసు. ఆ తెలిసిందాన్నే పట్టుకుని కూర్చుంది.

మధ్యాహ్నం ముగ్గురూ కింద తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌కి వెళ్లారు. వర్షిత టిష్యూ ప్యాకెట్ పడేసి, ఇది మాది అన్నట్టు టేబుల్ చోప్ చేసింది. అరుంధతి పళ్లెం వంక చూడకుండా ఫోన్‌నే చూస్తోంది.

"అమ్మా, ఫస్ట్ తిను లా" అంది వర్షిత సింగపూర్ యాసలో.

"ఇక్కడి నుంచి నువ్వేం చెయ్యగలవు చెప్పు?" అన్నాడు జగన్మోహనరావు. తిట్టినట్టు కాదు, నచ్చజెప్పినట్టే అన్నాడు.

"ఏం చెయ్యలేనండీ. అదే కదా నా బాధ."

అప్పుడే కొత్త చుక్క పడింది. పెద్దక్క ఏటి గట్టుకి వచ్చింది. "కదిలింది!" అని దాదాపు అరిచింది అరుంధతి. పక్క టేబుల్ వాళ్లు తిరిగి చూశారు. సైతోటికి ఫోన్ చేసి అదే మాట చెప్పింది.

"నీళ్ల దగ్గరికా?" అన్నాడతను.

"అవును."

"మందు తిన్న జంతువుకి దాహం వేస్తుంది సిస్టర్."

ఆ మాట అతను చాలా మెల్లిగా అన్నాడు. అరుంధతి ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, ఎదురుగా నూడుల్స్ కలుపుకుంటున్న ముసలాయన్ని చూస్తూ ఉండిపోయింది. సాయంత్రం దాకా చుక్క గట్టు మీదే ఉంది. ఇంటికెళ్లాక వర్షిత అమ్మ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. గంటగంటకీ ఇద్దరూ తలెత్తి చూశారు. మళ్లీ అక్కడే.

మర్నాడు ఏరు తగ్గింది. సైతోటి అవతలికి వెళ్లి ఫోన్ చేశాడు. పెద్దక్క, ఇంకో మూడు ఆడసింహాలు, ఎదిగొస్తున్న మగ సింహం పిల్ల ఒకటి. గట్టు పొడుగునా పడి ఉన్నాయి. చుట్టూ రాబందులు కూడా చచ్చి పడి ఉన్నాయట.

"చిన్నపిల్లలు?"

"బురదలో అడుగులు కనిపించాయి. రెండో మూడో. తర్వాత గడ్డిలోకి పోయాయి."

"బతుకుతాయా?"

"ఇంకా పాలు మరవలేదు. ఇక్కడ హైనాలున్నాయి."

"వెతకండి సైతోటీ, ప్లీజ్."

"వెతుకుతూనే ఉన్నాం. వాటికి పట్టీలు లేవు కదా. ఎక్కడని వెతకను?"

అరుంధతి లాప్‌టాప్ మూసేసింది. మళ్లీ అతనే అన్నాడు. "మందు పెట్టిందెవరో తెలిసింది. మా మేనమామ."

ఆమె ఉలిక్కిపడింది.

"చచ్చింది ఆయనకున్న ఒకే ఒక పాడి ఆవు. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. ఈరోజు ఆయన పేరు ఆఫీసులో నేనే చెప్పాలి."

"చెప్పకపోతే?"

"వచ్చే నెల ఇంకో గుంపు పోతుంది."

చెప్పమనాలో వద్దనాలో అరుంధతికి తెలియలేదు. ఏమన్నా అది ఆ ఏటి గట్టు మీద నిలబడ్డ మనిషి నెత్తిన పడుతుంది. "మీకెలా తోస్తే అలా చెయ్యండి" అంది. అన్నాక, ఆ మాట ఎంత తేలికగా ఉందో తనకే సిగ్గేసింది.

సైతోటి ఆ పేరు చెప్పేశాడు. మేనమామని పోలీసులు తీసుకెళ్లారు. రెండు వారాల తర్వాత అరుంధతి ఫోన్ చేసినప్పుడు, వాళ్లమ్మ తనతో మాట్లాడడం మానేసిందని, అన్నం మాత్రం గుమ్మం దగ్గర పెట్టి లోపలికి వెళ్లిపోతోందని అన్నాడు.

"పిల్లలు?" అంది అరుంధతి.

"ఒకసారి ఆ గడ్డిలోంచి అరుపు వినిపించింది. వెళ్లేసరికి ఏమీ లేదు. మళ్లీ వినపడలేదు."

అటునుంచి గాలి, ఎక్కడో మేకల అరుపు వినిపిస్తున్నాయి. ఫోన్ పెట్టెయ్యడానికి ఆమెకి మనసు రాలేదు. అతనూ పెట్టెయ్యలేదు.