ఎడమచేతి కోతి

రాగిరేకు మీద బొమ్మ చెక్కాలంటే అద్దం ఉండాల్సిందే. కాగితం మీద అచ్చు పడేసరికి కుడి ఎడమైపోతుంది మరి. అందుకే మా ఫెమ్కె నమూనా బొమ్మను అద్దం ముందు నిలబెట్టి, అద్దంలో కనిపించేదాన్ని చూస్తూ చెక్కుతుంది. ఇదంతా తెలిసీ ఆ అద్దాన్ని దాచింది నేనే.

ఏం చెయ్యను? కిటికీ ఎండ అద్దంలో పడి తిన్నగా పిల్ల కళ్లలోకి కొడుతోంది. ఇదే పని చేసి వాళ్ల నాన్న యాభై నిండకుండానే చూపు పోగొట్టుకున్నాడు. రెండు రోజులు అద్దం లేకపోతే కళ్లకు కాస్త విశ్రాంతి దొరుకుతుందని, దాన్ని ఉన్నిబట్టలో చుట్టి దుప్పట్ల పెట్టెలో అడుగున పెట్టాను.

“అమ్మా, అద్దమేదీ?”

“పక్కింటావిడ అడిగితే ఇచ్చానే.”

“ఈ వయసులో ఆవిడకేం సింగారం! సరేలే, మనసులోనే తిప్పుకుని చెక్కేస్తాను.”

విశ్రాంతీ లేదు, పాడూ లేదు.

శుక్రవారం ఇద్దరం యోరిస్ గారి అచ్చుశాలకు వెళ్లాం. ఆయన వేస్తున్న జంతువుల కథల పుస్తకంలో ఇరవై బొమ్మలు. ఈ మొదటిది నచ్చితే అన్నీ ఫెమ్కెవే, లేదంటే ఆమ్‌స్టర్‌డామ్ నుంచి ఇంకొకరిని పిలిపిస్తానన్నారు. వంతెన మీద రేకు ఎక్కడ కాలవలో పడేస్తుందోనని పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకునే నడిచాను.

సిరా పూసి తుడిచారు. తడి కాగితం పరిచి చక్రం తిప్పారు. కాగితం పైకి లేపితే చీజు ముక్క కోసం కొట్లాడుకున్న రెండు పిల్లులు, వాటికి తీర్పు రాస్తున్న కోతి. పిల్లుల మీసాలు లెక్కపెట్టొచ్చు, అంత స్పష్టంగా ఉన్నాయి.

“ఇదేంటమ్మాయ్, కోతి ఎడంచేత్తో రాస్తోంది?” అన్నారు యోరిస్ గారు.

ఫెమ్కె ముఖం పాలిపోయింది. అన్నిటినీ తిప్పి చెక్కింది గానీ కోతి చేతుల దగ్గర మరిచిపోయింది.

“తప్పు దానిది కాదు బాబూ! అద్దం నేనే దాచాను, దుప్పట్ల పెట్టెలో ఉంది,” అనేశాను.

“అమ్మా! మరి పక్కింటావిడ సింగారం?”

యోరిస్ గారు కాగితం మళ్లీ చూశారు. ఉన్నట్టుండి నావైపు తిరిగి పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు.

“తీర్పు చెబుతానని చీజంతా మింగేసే కోతి కదా హిల్లమ్మా ఇది! కుడిచెయ్యి ఎక్కడుందో చూడండి. చీజు మీద! మంచి చెయ్యి మేతకి, ఎడంచెయ్యి తీర్పుకి! దీన్ని మార్చేది లేదు. మిగతా పంతొమ్మిదీ నువ్వే చెక్కమ్మాయ్. అద్దం మాత్రం మీ అమ్మకి అందనంత ఎత్తులో బిగించు.”

అంత ఎత్తు నుంచి నెత్తిన పడితే? అందుకే నాకు అందేంత ఎత్తులోనే బిగించాం. ఎండ కొట్టకుండా కిటికీకి నూనె కాగితం అంటించాను.

“ఈ పనేదో ముందే చెయ్యొచ్చుగా!” అంది ఫెమ్కె, రేకు మీంచి తలెత్తకుండానే.