స్క్రిప్ట్ ఆపి చూసిన పేజీ

ఆ పొద్దున కొడుకింటి వాకిట్లో కూర్చుని, చేటలో ఓమెన పోసుకుని ఇసుక ఏరుతున్నాను. ఓమెన అంటే మా సరస్సులో దొరికే వేలెడంత చేప. ఎంత ఏరినా ఎప్పుడో ఒకరోజు పంటికింద రాయి పడుతుంది. పడిన రోజు ఇంట్లో మగవాళ్లు తప్పకుండా అంటారు. పడని రోజుల గురించి ఎవరూ ఏమీ అనరు. నా పక్కనే పీట మీద కంప్యూటర్ పెట్టుకుని కోడలు క్వింటర్ పని చేసుకుంటోంది. వీపుకు కట్టుకున్న చంటిది నిద్రపోతోంది, పొయ్యి మీద ఉగాలికి, అంటే మొక్కజొన్న పిండి ముద్దకి, పెట్టిన ఎసరు కాగుతోంది.

నేను రోజూ పొద్దున్నే తీరంలో నా చేప ఎండేసి ఇక్కడికి వచ్చి, పొద్దుగూకే లోపు వెళ్లిపోతాను. పెళ్లయిన కొడుకింట్లో తల్లి రాత్రి పడుకోకూడదు మా లువో తెగలో. అందుకే మా హోమా బే ఊళ్లో అదే వీధి చివర నాకొక గది. పడుకోవడానికి పనికిరాని ఇల్లు చాకిరీకి మాత్రం పనికొస్తుందని చాలాసార్లు అనుకున్నాను. పైకి ఎప్పుడూ అనలేదు.

నా కొడుకు ఒడేరాకి బజారులో వెబ్ పేజీలు తయారుచేసే దుకాణం ఉంది. బోర్డు మీద అతని పేరు, పేజీల్లో సగానికి పైగా తయారయ్యేది ఈ పీట మీద. క్వింటర్ ఆ చదువే చదివింది, పెళ్లికి ముందు కిసుము పట్నంలో ఆ ఉద్యోగమే చేసింది. పిల్లలు పుట్టాక "ఇంట్లోనే ఉంటున్నావుగా, కాస్త చూసిపెట్టు" అన్నాడు వాడు. ఆ కాస్తకి ఐదేళ్లు నిండాయి. ఎవరైనా అడిగితే, మా ఆవిడ ఖాళీగా కూర్చోలేక ఏదో సాయం చేస్తుంటుంది అంటాడు. నాకా మాట కొత్త కాదు. వాడి నాన్నకి పడవ మనిషని పేరు. ఆయన తెచ్చిన చేపను ఎండబెట్టి, తిరగేసి, మబ్బు పడితే పరిగెత్తి కప్పి, బజారుకు మోసింది నేను. ఆయన పోయేదాకా "అవితి ఇంట్లోనే ఉంటుంది" అనే చెప్పాడు అందరికీ. ఒకసారి మలేరియాతో నాలుగు రోజులు నేను లేవలేకపోతే, గుమ్మంలో నిలబడి ఉప్పు ఎక్కడుందని అడిగాడు. పద్దెనిమిదేళ్ల కాపురం అప్పటికి.

ఆ రోజు క్వింటర్ చూస్తున్నది మా తీరం ఆడవాళ్ల పేజీ. చేపలు నేలమీద ఎండబెడితే ఇసుక అంటుతుంది, వానొస్తే కుళ్లి కోళ్ల దాణాకే పోతాయి. అందుకని తీరం సంఘం వాళ్లు వల పరిచిన ఎత్తు బల్లలు ఇస్తారు. ఫోన్లో ఆ పేజీ తెరిచి పేరు పంపుకున్న వాళ్లకే బల్ల. నిరుడు కూడా ఆ పేజీ చేసింది ఒడేరాయే. ఈసారి రంగులు మార్చి కొత్తది చేశాడు.

"ఇప్పుడు స్క్రిప్ట్ ఆపేసి చూస్తాను అత్తమ్మా," అంది క్వింటర్. అదేమిటని అడిగాను. పేజీ వెనకాల కనపడకుండా పని చేసే రాత ఒకటి ఉంటుందట. పేరు రాసే గళ్లు చూపించేది, మీట నొక్కితే పంపేది అదేనట. చిన్న ఫోన్లు కొన్ని దాన్ని నడపలేవట. అందుకని ఎవరికైనా చూపించేముందు తన కంప్యూటర్లోనే పేజీ పెట్టుకుని, బ్రౌజర్లో ఆ స్క్రిప్ట్ నడవకుండా ఆపి, ఏం మిగులుతుందో చూసుకోవాలట. కిసుములో అలవాటు చేసుకుంది. ఒడేరాకి అది నవ్వులాట. ఈ రోజుల్లో స్క్రిప్ట్ ఆపుకునేవాళ్లు ఎవరే పిచ్చిదానా, అంటాడు.

ఆపేసి పేజీ మళ్లీ తెరిచింది. పైన సంఘం పేరు, కింద అంతా తెలుపు. గళ్లు లేవు, మీట లేదు.

నా చేతిలో చేట ఆగిపోయింది. నిరుడు నా ఫోన్లో వచ్చింది ఆ తెలుపే. నా ఒక్కదానికే కాదు, మా వరసలో చేపలు ఎండబెట్టుకునే ఆడవాళ్లందరికీ. ఎక్కడో నొక్కాం, పోయిందో లేదో తెలియలేదు, జాబితాలో పేర్లు లేవు. ముసలాళ్లకి ఫోన్లెందుకని సంఘం అధ్యక్షుడు నవ్వితే మేమూ నవ్వాం. తప్పు మా వేళ్లదే అనుకున్నాం. ఆ ఏడు వానల్లో నా చేప నాలుగుసార్లు కుళ్లింది. ఏడాది పొడుగునా నా వేలిని నేనే తిట్టుకున్నాను. చెయ్యని తప్పును ఎంత సులువుగా నెత్తికెత్తుకుంటామో, ఎవరూ ఎత్తమని అడగకుండానే.

ఆ సంగతి క్వింటర్‌కి చెప్పాను.  విన్నాక చంటిదాన్ని నా ఒళ్లో పెట్టి, స్క్రిప్ట్ లేకపోయినా గళ్లు కనపడేలా, మీట నొక్కితే పేరు వెళ్లేలా పేజీని మళ్లీ రాసింది. రాయడం, ఆపి చూడడం, మళ్లీ రాయడం. మధ్యలో ఉగాలి కలిపింది, బట్టలు తీసింది. పొద్దు వాలే వేళకి తెల్లపేజీలో గళ్లు నిలబడ్డాయి.

ఒడేరా వచ్చి తిన్నాడు. క్వింటర్ చెప్పింది విన్నాడు. రేపు పొద్దున అందరి ముందు చూపించాలి, ఇప్పుడు కెలకొద్దు, ఉన్నది బాగానే ఉంది అన్నాడు. నిరుడు అమ్మకే పని చేయలేదని క్వింటర్ అంటే, "అమ్మకి నొక్కడం రాదు" అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. వాడి కంచం నా చేతిలోనే ఉంది. దాన్ని తీసుకెళ్లి కడిగాను. 

మర్నాడు తీరంలో రేకుల పాక కింద అరవైమంది ఆడవాళ్లం. పేర్లు తీసుకునేది ఆ ఒక్కరోజే. ఒడేరా క్వింటర్ కంప్యూటర్ బల్ల మీద పెట్టి, గోడకి గుడ్డ కట్టి దానిమీద పేజీ వేసి చూపించాడు. అందంగా ఉంది. అధ్యక్షుడు మెచ్చుకున్నాడు. క్వింటర్ ట్రేలో సోడాలు పట్టుకుని వరసలమ్మట తిరుగుతోంది. ఇక మీ మీ ఫోన్లలో పంపండి అన్నారు. నేను నొక్కాను. తెలుపు. పక్కనున్న అపోండి ఫోన్ చూశాను. తెలుపు. అపోండి తన వేలిని కొంగుకి తుడుచుకుని మళ్లీ నొక్కుతోంది.

ఆ తుడుచుకోవడం చూడలేకపోయాను.

నలుగురిలో కొడుకుని కాదనడం నాకెప్పుడూ చేతకాలేదు. అయినా లేచాను. "నా ఫోన్లో ఏమీ రాలేదు," అన్నాను. ఒడేరా నవ్వుతూ, "అమ్మా, కూర్చో, తర్వాత నేను నొక్కిపెడతాను," అన్నాడు.

"ఇంకెవరికి రాలేదో చేతులెత్తండమ్మా," అన్నాను. ఒక్కొక్కటే లేచాయి. నలభై దాకా ఉంటాయి. అందరూ తమ ఒక్కళ్లకే అనుకుని ఊరుకున్నవాళ్లే. 

అధ్యక్షుడు నవ్వలేదు ఈసారి. "ఇప్పుడేం చెయ్యాలి మరి?" అన్నాడు ఒడేరాతో. వాడు తెరవంక చూస్తున్నాడు.

"వాణ్ని అడగకండి. బాగుచేసిన పేజీ ఆ కంప్యూటర్లోనే ఉంది," అన్నాను. "చేసింది నా కోడలు. మా వాడి దుకాణం పేజీల్లో సగానికి పైగా చేసేది కూడా తనే. వెనక సోడాలు పంచుతోంది, చూడండి. నిన్న చెప్పింది, మేం వినలేదు."

మేం అని ఎందుకన్నానో నాకు తెలుసు. నేనూ కంచమే కడిగాను కదా.

క్వింటర్ అక్కడే నిలబడిపోయింది. భర్త ముఖం చూస్తుందేమో అనుకున్నాను, చూడలేదు. నేరుగా వచ్చి, ట్రేని ఒడేరా ముందు బల్ల మీద పెట్టి, అతని కుర్చీ వీపు మీద చేయి వేసింది. వాడు లేచాడు. తను కూర్చుంది. పావుగంట పట్టిందేమో. అపోండి ఫోన్లో గళ్లు వచ్చాయి. మీట నొక్కగానే పేరు అందిందని అక్షరాలు వచ్చాయి. ఆమె వాటిని పైకి చదివింది, మళ్లీ చదివింది.

ఆడవాళ్లు క్వింటర్ చుట్టూ వరస కట్టారు. ఒడేరా నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "ఇంకా సగం మందికి సోడా అందలేదు, ఎవరిస్తారమ్మా ఇప్పుడు?" అన్నాడు.

నేను కూర్చున్న చోటి నుంచి కదల్లేదు. వాడి చేతుల వంక చూశాను. రెండూ ఖాళీగానే ఉన్నాయి.